గడ్డికప్పు, ఓక్ చట్రం: షాటరీలోని యాన్ హాత్‌వే ఇంటి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది స్ట్రాట్‌ఫర్డ్ అపాన్ ఏవన్ చూసొస్తారు, షేక్‌స్పియర్ పుట్టిన ఊరు కదా. అక్కడికి మైలు దూరంలో ఉన్న షాటరీలో, పూలతోట వెనకాల గడ్డికప్పుతో ఉండే పాత ఇంటి ముందు నిలబడి ఫోటో దిగుతారు. ఆ ఫోటో పెట్టగానే కింద ప్రశ్నలు మొదలవుతాయి: అది నిజంగా గడ్డేనా, అన్నేళ్లు ఎలా నిలిచింది, వానకి కారదా? ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. కథలకన్నా కట్టడం గురించే ఎక్కువ ఉంటుంది.

ఇది షేక్‌స్పియర్ ఇల్లా?

కాదు, ఆయన భార్య యాన్ హాత్‌వే పుట్టింటివాళ్లది. వాళ్లు గొర్రెలు పెంచుకుంటూ వ్యవసాయం చేసుకునే రైతులు. అప్పట్లో దీన్ని హ్యూలాండ్స్ ఫామ్ అనేవాళ్లు, చుట్టూ 90 ఎకరాల దాకా పొలం ఉండేది. యాన్ 1556 ప్రాంతంలో పుట్టింది, 1582లో పెళ్లయింది. ఇప్పుడు కాటేజ్ అంటున్నారు గానీ లోపల 12 గదులున్నాయి, కాబట్టి చిన్న గుడిసె అనుకుని వెళ్లకండి. ఆ కాలానికి ఇది బాగా కలిగిన రైతు ఇల్లు.

ఎప్పుడు కట్టారు?

ఒక్కసారి కట్టిన ఇల్లు కాదు. మొదటి భాగం 1463 నాటిది, అంటే యాన్ పుట్టేసరికే ఇంటికి 90 ఏళ్లు దాటాయి. అప్పుడు మూడే గదులు, పైఅంతస్తు లేదు. తర్వాత మధ్యలో మేడ వేసి పైన గదులు చేశారు, పొగగొట్టాలు కట్టారు. యాన్ తండ్రి రిచర్డ్ 1581లో పోయాడు. ఆమె సోదరుడు బర్తలోమ్యూ, అప్పటిదాకా కౌలుకు చేసుకుంటున్న ఈ ఆస్తిని 1610లో సొంతంగా కొనేశాడు. ఎత్తుగా కనిపించే భాగం 17వ శతాబ్దంలో చేరింది. బయట నిలబడి పైకి చూస్తే కప్పు ఒకే ఎత్తున ఉండదు, ఒకచోట కిందికి, ఒకచోట పైకి మెట్లు మెట్లుగా పోతుంది. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కో ముక్క చేర్చుకుంటూ పోయారు. మన పల్లెల్లో కొడుకు పెళ్లికి ఒక గది, మనవడి పెళ్లికి ఇంకో గది వేసినట్టే.

హాత్‌వే కుటుంబం 13 తరాలు ఇక్కడే ఉంది. 19వ శతాబ్దంలో ఆస్తి చెయ్యిజారాక కూడా అదే ఇంట్లో అద్దెకున్నారు. 1892లో షేక్‌స్పియర్ బర్త్‌ప్లేస్ ట్రస్ట్ దీన్ని కొని కాపాడుతోంది.

క్రక్ ఫ్రేమ్ అంటారే, ఏంటది?

ఈ ఇంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు మన పూరిల్లు గుర్తుచేసుకోండి. ఇంటి మధ్యలో నిట్టాడి నిలబెట్టి, దాని మీద వెన్నుదూలం ఎక్కించి, అటూ ఇటూ వాసాలు దించుతాం. ఇక్కడ ఆ నిట్టాడి ఉండదు. దాని బదులు, సహజంగానే వంపు తిరిగిన ఓక్ చెట్టును వెతికి, నిలువునా రెండుగా చీలుస్తారు. ఒకే చెట్టులోంచి వచ్చినవి కాబట్టి రెండు ముక్కల వంపూ ఒకేలా ఉంటుంది. వాటిని ఎదురెదురుగా నిలబెడితే కింద దూరంగా మొదలై, పైకి పోయేకొద్దీ లోపలికి వంగి, కొసన కలుస్తాయి. మధ్యలో అడ్డంగా ఒక దూలం బిగిస్తే ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంలా తయారవుతుంది. అలాంటి జతలు కొంత ఎడంగా వరసలో నిలబెడితే ఇంటి అస్థిపంజరం సిద్ధం. కొసలు కలిసిన చోట వెన్నుదూలం కూర్చుంటుంది.

దీంతో రెండు లాభాలు. ఒకటి, ఇల్లు మధ్యలో ఏ స్తంభమూ అడ్డం రాదు. ఇంకోటి అసలైన సంగతి: కప్పు బరువంతా ఆ వంపు దుంగల మీదుగా నేరుగా కింద రాతి పునాది మీదికి దిగిపోతుంది. గోడల మీద ఆ బరువు పడదు. అందుకే గోడ కొంత పాడైనా ఆ భాగం మాత్రం తీసేసి మళ్లీ కట్టుకోవచ్చు, ఈలోగా ఇల్లు నిలబడే ఉంటుంది. మట్టిగోడ మీదే కప్పు మోయించే మన ఇళ్లలో గోడ నానితే ఇల్లు మొత్తం ప్రమాదంలో పడుతుంది కదా, ఆ టెన్షన్ ఇక్కడ లేదు.

ఇంగ్లండ్‌లో ఈ పద్ధతి అన్నిచోట్లా ఉండదు. మధ్య, పడమటి, ఉత్తర ప్రాంతాల్లో కనిపిస్తుంది, తూర్పున ఈస్ట్ ఆంగ్లియాలో దాదాపు కనిపించదు. షాటరీ ఉన్న వారిక్‌షైర్ మధ్య ప్రాంతమే.

తర్వాత చేర్చిన భాగాలు కూడా ఇలాగే కట్టారా?

లేదు. క్రక్‌తో ఎత్తు పెంచడం కష్టం, వంపు తిరిగిన దుంగ ఎంత పొడవుంటే ఇల్లు అంతే. పైన కూడా నిటారుగా నిలబడగలిగే గదులు కావాలంటే నిలువు స్తంభాలు, అడ్డ దూలాలతో పెట్టెలాంటి చట్రం కట్టాలి. తర్వాతి భాగాలు ఆ పద్ధతిలోనివి.

ఇనుప మేకులు లేకుండా దూలాలు ఎలా నిలబడ్డాయి?

ఒక దూలం కొసను నాలుకలా చెక్కుతారు, మన వడ్రంగులు కుసి అంటారు చూడండి, అది. ఇంకో దూలంలో దానికి సరిపడా బెజ్జం తొలుస్తారు. కుసిని బెజ్జంలో దూర్చి, రెండిటినీ కలిపి చిల్లు పెట్టి, ఓక్‌తోనే చేసిన గుండ్రటి చెక్కమేకు దిగ్గొడతారు. పాతకాలం వడ్రంగులు ఆ చిల్లులను కావాలనే ఒకదానికొకటి వెంట్రుకవాసి పక్కకు పెట్టేవాళ్లు, మేకు దిగేకొద్దీ అతుకు ఇంకా బిగుసుకునేలా.

ఇంకో విషయం. ఈ ఓక్‌ని ఎండబెట్టి వాడరు. కొట్టిన కొద్దిరోజులకే, పచ్చిగా ఉండగానే చెక్కుతారు, ఎందుకంటే ఎండిన ఓక్ ఇనుములా గట్టిపడుతుంది, చేతి ఉలితో పని జరగదు. పచ్చి దూలం ఇంట్లో బిగించాక ఏళ్ల తరబడి నెమ్మదిగా ఆరుతూ, కుంచించుకుంటూ, మెలి తిరుగుతూ అతుకుల్ని పట్టేస్తుంది.

చట్రం మొత్తం ముందు నేలమీద పరిచి, అతుకులు సరిపోయాయో లేదో చూసుకుని, విడదీసి, స్థలంలోకి తెచ్చి మళ్లీ కలిపేవాళ్లు. ఏ ముక్క ఎక్కడిదో తెలియడానికి అతుకుల దగ్గర రోమన్ అంకెల్లాంటి గీతలు చెక్కేవాళ్లు. అలాంటి ఇళ్లలో ఇప్పటికీ ఆ గీతలు దొరుకుతాయి. గీతకి గీత కలిస్తే ఆ రెండు దూలాలూ మొదటినుంచీ జతే అని, కలవకపోతే మధ్యలో ఎవరో మార్చారని చరిత్రకారులకు తెలుస్తుంది.

గోడలు వంకరగా, నేల ఎగుడుదిగుడుగా ఉంటుందట. పడిపోదా?

పైన చెప్పిన పచ్చి ఓక్ ఆరడమే ఆ వంకరకు పెద్ద కారణం. దానికి తోడు నేల ఒకపక్క కాస్త కుంగుతుంది, చట్రం కూడా దాంతో పాటే సర్దుకుంటుంది. చెక్కమేకుల అతుకు కొంచెం కదలనిస్తుంది, విరగనివ్వదు. వంకర ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడది ఇంటి ఆకారం, అంతే. కొత్తగా పగుళ్లు పెరుగుతున్నాయా, అతుకు విడిపోతోందా అని చూడాలి తప్ప వంకరని చూసి భయపడక్కర్లేదు.

గోడలు దేంతో?

చట్రం మధ్య ఖాళీల్లో నిలువుగా ఓక్ పుల్లలు గుచ్చి, వాటి మధ్య హేజెల్ అనే చెట్టు బెత్తాలు అల్లుతారు. అచ్చం తడికె. దాని మీద రెండువైపులా బంకమన్ను, పేడ, తరిగిన గడ్డి కలిపి తొక్కిన ముద్దను ఒత్తుకుంటూ పూస్తారు. ఆరాక సున్నం. ఈ పని మన ఊళ్లలో పెద్దవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు, అంత దగ్గరగా ఉంటుంది. ఈ ఇంట్లో తర్వాత్తర్వాత కొన్ని ఖాళీల్లో ఇటుకలు కూడా నింపారు. అడుగున రాతి వరస ఉంటుంది, నేల తడి చెక్కకు ఎక్కకుండా.

నలుపు దూలాలు, తెల్ల గోడలు… అసలు రంగు అదేనా?

ఆ కాటుక నలుపు చాలావరకు 19వ శతాబ్దపు ఫ్యాషన్. అంతకుముందు ఓక్‌ని అలాగే వదిలేసేవాళ్లు, ఎండకీ వానకీ వెండి బూడిదరంగు తేలేది. కొన్నిచోట్ల దూలాలతో కలిపి మొత్తం సున్నం కొట్టేవాళ్లు. పోస్ట్‌కార్డుల వల్ల నలుపు-తెలుపే సిసలైన పాత ఇల్లు అని జనం మనసులో పడిపోయింది.

సరే, గడ్డి సంగతి చెప్పండి. వానకి ఎలా ఆగుతుంది?

మొదటిది వాలు. గడ్డికప్పు 50 డిగ్రీల దగ్గర్లో, బాగా నిటారుగా ఉండాలి. చుక్క పడగానే ఆ పుల్ల కొస నుంచి కింద పుల్ల మీదికి, అక్కడినుంచి ఇంకో పుల్ల మీదికి జారి చూరు నుంచి రాలిపోతుంది. రెండోది మందం, ఒక అడుగు పైనే ఉంటుంది. సరిగ్గా నేసిన కప్పులో ఎంత వాన పడినా పైన ఒకటి రెండు అంగుళాలే తడుస్తుంది, లోపల చెయ్యి పెడితే పొడిగా ఉంటుంది. వాలు తగ్గిన చోట, ఉదాహరణకి రెండు కప్పులు కలిసే లోయలోనో కిటికీ పైనో, నీళ్లు నిలిచి ముందు అక్కడే కుళ్లుతుంది. మేడగది కిటికీల దగ్గర కప్పు కనుబొమలా వంగి వాటిని చుట్టుకుని పోయేది కూడా అందుకే, మడత పడితే నీరు ఆగుతుంది, వంపు తిరిగితే జారిపోతుంది. అందం దాని వెనకాలే వచ్చింది.

చూరుకి నీటి గొట్టాలుండవు. దాని బదులు చూరుని గోడ నుంచి బాగా ముందుకు తెస్తారు, నీళ్లు గోడకి దూరంగా పడతాయి.

ఎలా నేస్తారంటే, ఆ ప్రాంతపు పాత పద్ధతిలో పొడవాటి గోధుమ గడ్డిని తడిపి, చేత్తో లాగి సాపు చేసి, కట్టలుగా చూరు నుంచి మొదలుపెట్టి కొప్పు దాకా వరసలుగా పరుస్తారు. ఒక్కో వరస మీద అడ్డంగా హేజెల్ బెత్తం పెట్టి, దాన్ని మళ్లీ హేజెల్‌తోనే చేసిన కొక్కేలతో కింద గడ్డిలోకి దిగ్గొడతారు. ఆ కొక్కెం చూడాలి: వేలెడు లావు పుల్లని చీల్చి, రెండు కొసలూ చెక్కి, మధ్యలో మెలితిప్పి వంచుతారు. మెలి తిప్పకుండా వంచితే పటుక్కున విరుగుతుంది, తిప్పి వంచితే నారలు విడిపోయి తాడులా వంగుతుంది. ఒక కప్పుకి ఇవి వేలల్లో కావాలి.

కొప్పు మీద ఎండా వానా గాలీ అన్నీ ఎక్కువ తగులుతాయి కాబట్టి అది ముందు పాడవుతుంది, 10, 15 ఏళ్లకోసారి మార్చాలి. మిగతా కప్పు గోధుమ గడ్డిదైతే నేత పద్ధతిని బట్టి 20 నుంచి 40 ఏళ్లు వస్తుంది, నీటి రెల్లుదైతే ఇంకా ఎక్కువ.

అంటే 1463 నాటి గడ్డి ఇప్పుడు లేనట్టేగా?

ఈ ఇంటిమీద కనిపించేది కొత్తదే. కానీ ఇంగ్లండ్‌లో ఒక పద్ధతి ఉంది, కప్పు పాడైతే మొత్తం పీకరు, కుళ్లిన పైపొర గీకేసి దానిమీదే కొత్తది నేస్తారు. అలా పొర మీద పొర పేరుకుని, నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్‌లాంటి చోట్ల కొన్ని ఇళ్లలో అట్టడుగున మధ్యయుగాల నాటి గడ్డి మసిబారి అలాగే మిగిలింది. పొగగొట్టాలు లేని రోజుల్లో ఇంటి మధ్య పొయ్యి నుంచి లేచిన పొగ పట్టిన మసి అది. ఆ గడ్డిలో ఇరుక్కున్న వెన్నులు, గింజలు, కలుపు మొక్కలు చూసి అప్పటి రైతులు ఏం పండించారో తెలుసుకుంటున్నారు. పంటల చరిత్ర పదిలంగా ఇంటికప్పులో ఉండటం ఎంత గొప్ప సంగతో చూడండి!

గడ్డి ఎక్కడ దొరుకుతోంది ఇప్పుడు?

కష్టంగానే దొరుకుతోంది. ఎరువులకి తట్టుకుని పడిపోకుండా నిలబడే పొట్టి గోధుమ రకాలు వచ్చాక పొడవాటి గడ్డి పోయింది, కోత మిషన్ వచ్చాక ఉన్న గడ్డి కూడా నలిగిపోతోంది. మన దగ్గర వరిగడ్డికి జరిగింది కూడా ఇదే. అందుకని కప్పు నేసేవాళ్ల కోసం కొందరు రైతులు మారిస్ విడ్జన్ లాంటి పాత పొడవాటి రకాలు పనిగట్టుకుని వేసి, గడ్డి నలగకుండా పాతకాలపు యంత్రాలతో కోసి కట్టలు కడుతున్నారు. గడ్డి కోసమే గోధుమ పండిస్తున్నారన్నమాట.

మన తాటాకు ఇళ్లకీ దీనికీ తేడా ఏంటి?

వాతావరణమే అసలు తేడా. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు చూసుంటారు, గుండ్రటి మట్టిగోడ, పైన శంఖులా కప్పు, చూరు మనిషి వంగి దూరాల్సినంత కిందికి. తుఫాను గాలికి ఎక్కడా పట్టు దొరక్కుండా చేసిన ఆకారం అది, ఎండ గోడ మీద పడదు. షాటరీలో తుఫాన్లు లేవు, చలి ఉంది. అందుకని అడుగు మందం గడ్డి లోపలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. రెండు చోట్లా పని చేసేది ఒకటే, గడ్డిలో చిక్కుకున్న గాలి. తాటాకు మూడు నాలుగేళ్లకే మార్చాలి, మన వేడికీ తేమకీ చెదలకీ ఏదైనా తొందరగా పోతుంది. చలిదేశంలో కుళ్లడం నెమ్మది.

మన చుట్టిళ్లు కట్టినవాళ్ల తెలివి వీళ్లకి ఏమాత్రం తీసిపోదు. వాళ్లు తమవి కాపాడుకున్నారు, మనవి కళ్లముందే పోతున్నాయి. ఇది రాస్తుంటే బాధగానే ఉంది.

నిప్పంటుకోదా?

అంటుకుంటుంది. 1969లో ఈ ఇంటికే అంటుకుంది, బాగా దెబ్బతింది. ట్రస్ట్ మళ్లీ బాగుచేసింది. లావాటి ఓక్ దూలం కాలేటప్పుడు పైపొర బొగ్గవుతుంది, ఆ బొగ్గే లోపలి చెక్కకి వేడి తొందరగా తగలకుండా అడ్డుపడుతుంది. కాబట్టి గడ్డి పోయినా అలాంటి చట్రం తట్టుకునే అవకాశం ఉంటుంది.

ఊళ్లో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే మాత్రం గడ్డికప్పు చాలా ప్రమాదం. లండన్‌లో 1212లోనే కొత్త గడ్డికప్పులు నిషేధించారు. స్ట్రాట్‌ఫర్డ్ పట్టణం 1594, 1595, 1614ల్లో మూడుసార్లు తగలబడింది. షేక్‌స్పియర్ నాటకాలాడిన గ్లోబ్ థియేటర్ 1613లో, నాటకం మధ్యలో పేల్చిన ఫిరంగి నిప్పురవ్వ కప్పు మీద పడి బూడిదైంది. దాన్ని మళ్లీ పాత పద్ధతిలో కట్టి 1997లో తెరిచినప్పుడు, 1666 మహా అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో అనుమతి దొరికిన మొదటి గడ్డికప్పు అదే అయ్యింది, అదీ కప్పు మీద నీళ్లు చిమ్మే ఏర్పాటుతో. పొలాల మధ్య విడిగా ఉండటం ఈ ఇంటికి మేలు చేసింది.

ఈ రోజుల్లో ఇలాంటి ఇళ్లకి ఎక్కువ ముప్పు పొగగొట్టం నుంచే. కట్టెల పొయ్యి గొట్టం మసి పట్టి వేడెక్కినా, నిప్పురవ్వలు ఎగజిమ్మినా చాలు. గొట్టం కప్పు కన్నా బాగా ఎత్తుగా ఉండాలి, తరచూ మసి దులపాలి.

పొగగొట్టం మీద ఏదో రాసుంది, ఏంటది?

ఐ.హెచ్. 1697. ఆ ఏడు దాన్ని తిరిగి కట్టించిన జాన్ హాత్‌వే పొడి అక్షరాలవి, అప్పట్లో ‘జె’ బదులు ‘ఐ’ చెక్కేవాళ్లు.

ఎలకలు, పురుగులు?

ఉంటాయి. పిచ్చుకలు గడ్డి పీకుతాయి, అందుకే చాలా ఇళ్లలో కప్పు మీద సన్నటి తీగ వల కప్పుతారు.

పాత ఇంటికి సిమెంటు పూస్తే గట్టిగా ఉంటుంది కదా, ఎందుకు వద్దంటారు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి. మట్టి, సున్నం, ఓక్, గడ్డి… ఇవన్నీ తడిని పీల్చుకుంటాయి, ఎండ రాగానే వదిలేస్తాయి. ఇల్లు అన్నేళ్లు నిలిచింది అలాగే. దానిమీద సిమెంటు పూస్తే బయటినుంచి బాగానే కనిపిస్తుంది గానీ, చెక్కకీ సిమెంటుకీ మధ్య సన్నటి పగులు రాక మానదు. అందులోంచి నీళ్లు లోపలికి పోతాయి, తిరిగి బయటికి వచ్చే దారి ఉండదు. ఓక్ లోపల్లోపల మెత్తబడి, కుసి కుళ్లి, ఒకరోజు అతుకు జారుతుంది. 20వ శతాబ్దంలో మంచి ఉద్దేశంతోనే సిమెంటు పూసి ఎన్నో ఇళ్లు పాడుచేశారు, ఇప్పుడు అదంతా చెక్కి తీసి మళ్లీ సున్నం పూస్తున్నారు. ప్లాస్టిక్ పెయింట్లతోనూ ఇదే గొడవ. మన దగ్గర పాత మండువా లోగిళ్లు ఉన్నవాళ్లకి కూడా చెప్తున్నాను, సున్నపు గోడ మీద సిమెంటు పూయించే ముందు సున్నం పని తెలిసిన మేస్త్రీని ఒక్కసారి అడగండి.

కుళ్లిన దూలాన్ని కూడా మొత్తం మార్చరు. పాడైన కొస వరకు కోసి, కొత్త ఓక్ ముక్కను అతుకు పెట్టి బిగిస్తారు. పనికొచ్చే పాత చెక్క ఎంత మిగిలితే అంత మేలు.

ఇలాంటి ఇంటిని ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చా?

ఈ ఇల్లు ఇంగ్లండ్ చారిత్రక కట్టడాల రక్షణ జాబితాలో గ్రేడ్ 1గా ఉంది, అంటే అత్యున్నత రక్షణ. అనుమతి లేకుండా దాని రూపం మార్చకూడదు. జాబితాలో ఉన్న మామూలు ఇళ్లలో జనం కాపురాలుంటున్నారు, వాళ్లకీ ఈ నియమాలు వర్తిస్తాయి. బీమా ఖర్చు మామూలు ఇంటికన్నా ఎక్కువే ఉంటుంది.

తోట కూడా యాన్ కాలం నాటిదేనా?

కాదు. ఆమె రోజుల్లో ఇంటిముందు పశువులు, కోళ్లు తిరిగే దొడ్డి, కొన్ని కూరమొక్కలు ఉండేవి. ఇప్పటి పూలతోట చాలావరకు 20వ శతాబ్దంలో వేసింది.

వెళ్తే ఏం చూడాలి?

ముందు బయట చుట్టూ తిరగండి, కప్పు ఎత్తు ఎక్కడెక్కడ మారుతోందో చూస్తే ఏ భాగం ఎప్పటిదో సగం మీకే తెలిసిపోతుంది. లోపలికెళ్లాక పాత భాగంలో కింద నుంచి పైకి వంగుతూ పోయే క్రక్ దుంగను వెతకండి. ఒక దుంగ దొరికితే ఎదురుగోడలో దాని జత ఉంటుంది. దూలాల అతుకుల దగ్గర చెక్కమేకుల తలలు కనిపిస్తాయి. తలుపులు పొట్టివి, తల జాగ్రత్త. స్ట్రాట్‌ఫర్డ్ నుంచి నడిచే వెళ్లొచ్చు, అరగంట పడుతుంది. తెరిచి ఉండే వేళలు కాలాన్ని బట్టి మారతాయి, బయల్దేరే ముందు ట్రస్ట్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.